చివరి గుంటలో ఇంటిమనిషి

మంగళవారం పదకొండున్నరకి, పని ముగిసిందని మెషిన్ కూత పెట్టిన రెండు నిమిషాలకి, నాకు క్యాన్సర్ రాబోతోందని తెర మీద చూశాను. అలాగని అక్కడ రాసి ఉండదు లెండి. రాసి ఉంటే కనీసం ఎవరినో ఒకరిని పట్టుకుని తిట్టేదాన్ని. నేను చూసింది ఒక ఎర్ర చుక్క.

ముందు నా పని గురించి చెప్పాలి, లేకపోతే చుక్కని చూసి కాళ్ళు చల్లబడ్డ మనిషికి బుర్ర సరిగ్గా లేదనుకుంటారు. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్ళ రక్తాన్నీ రానివాళ్ళ రక్తాన్నీ పక్కపక్కన పెట్టి, వాళ్ళ జన్యువుల్లో తేడా ఎక్కడుందో వెతుకుతాం. ఈసారి వెతుకుతున్నది మైక్రో ఆర్ఎన్ఏలో. పేరు పెద్దదే గానీ మనిషి చాలా చిన్నది, ఇరవై రెండు అక్షరాల పొడవు, అంతే. జన్యువులు పొయ్యి మీద పాలనుకుంటే, పొంగు రాబోతుండగా వచ్చి మంట తగ్గించే చెయ్యి అది. ఆ ఇరవై రెండింట్లో ఒక అక్షరం కొందరిలో వేరేగా ఉంటుంది. అలాంటివాళ్ళలో ఆ చెయ్యి కాస్త ఆలస్యంగా వస్తుందేమో, ఆ ఆలస్యమే పేగులో క్యాన్సర్‌కి సందు ఇస్తుందేమో అని మా మేడమ్ అనుమానం. అనుమానమే, ఇంకా ఏమీ తేలలేదు. తేల్చడానికే మేం జీతాలు తీసుకుంటున్నాం.

ఒక ప్లేట్‌లో తొంభై ఆరు గుంటలుంటాయి. అరచేతి కన్నా కొంచెం పెద్దది, అంతే. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి డీఎన్ఏ. ఎవరు రోగులో, ఎవరు ఆరోగ్యవంతులో మాకు చెప్పరు, కోడ్ నంబర్లే ఇస్తారు. తెలిస్తే మా చూపు ఒకవైపు మొగ్గుతుందని. చివరి గుంటలో మాత్రం బాగా తెలిసిన నమూనా ఒకటి వెయ్యాలి. దాని జవాబు ప్రతి ప్లేట్‌లోనూ ఒకేలా రావాలి, రాకపోతే ప్లేట్ మొత్తం చెత్తబుట్టకే. పదకొండేళ్ళ కిందట ల్యాబ్ తెరిచినప్పుడు, బయటి నుంచి రావాల్సిన నమూనా రాకపోతే, మేడమ్ నా జబ్బకి రబ్బరు పట్టీ కట్టి తనే సూది గుచ్చారు. అప్పటి నుంచి చివరి గుంటలో నేనే. ట్యూబ్ మీద ఎవరి పేరూ రాయకూడదు కాబట్టి 'ఇంటిమనిషి' అని రాసుకున్నాం. దాని గురించి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. వేలమంది రక్తం వచ్చిపోయింది, నేను మాత్రం ప్రతి ప్లేట్‌లోనూ ఉన్నాను.

ఆ మంగళవారం కొత్త పరీక్షకి మొదటి ప్లేట్. మామూలు అక్షరం ఉన్నవాళ్ళు నీలం గుంపులో పడతారు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మారిన అక్షరం వచ్చినవాళ్ళు ఆకుపచ్చ. ఇద్దరి నుంచీ వచ్చినవాళ్ళు ఎరుపు, తెరకి కుడివైపు కింద, పదిమంది కూడా ఉండరు. చివరి గుంట ఎక్కడుందా అని మౌస్ పెట్టి చూశాను. ఎర్ర గుంపు మధ్యలో ఉంది.

మా నాన్న యాభై రెండో ఏట పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారు. రక్తం పడుతుంటే పైల్స్ అనుకుని ఎనిమిది నెలలు మందుల షాపులో కొన్న లేపనంతోనే గడిపారు. ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. చెప్పాక నాలుగు నెలలే ఉన్నారు. ఇప్పుడు నాకు నలభై ఆరు. మూడు నెలలుగా నాకూ రక్తం పడుతోంది. రోజూ కాదు, వారానికో పదిరోజులకో ఒకసారి. నేనూ పైల్స్ అనే అనుకున్నాను. సీసాల మీద చీటీ లేకపోతే అందరినీ చీల్చి చెండాడే నేను, నా ఒంటికి ఆ చీటీ నేనే రాసి అంటించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నాన్న పోలిక ముక్కులోనే వచ్చిందనుకునేవాళ్ళు అందరూ.

ఎర్ర చుక్కని చూశాక ముచ్చెమటలు పట్టాయి. తొడుగుల్లో వేళ్ళు తడిసి జారిపోతున్నాయి. లేచి ఫ్రీజర్ దగ్గరికి వెళ్ళి తలుపు తీసి, ఎందుకు తీశానో తెలియక మళ్ళీ మూశాను.

మధ్యాహ్నం మేడమ్ గదికి వెళ్ళాను. ఆవిడ సున్నితంగా మాట్లాడే మనిషి కాదు. నిజం చెప్పేటప్పుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెడతారు, అంతే తేడా.

"చివరి గుంట ఎరుపు వచ్చింది మేడమ్. అది నేనే కదా."

"అయితే?"

"అయితే ఏమిటి మేడమ్, నాకు రెండు వైపుల నుంచీ వచ్చింది."

కళ్ళజోడు తీశారు. "మన అనుమానం నిజమే అయినా, వందమందిలో నలుగురికి వచ్చేది ఐదుగురికి వస్తుంది. ఆ తేడా చూడటానికే మనకి రెండువేల మంది కావాల్సి వచ్చింది. ఒక్క మనిషి గురించి ఈ చుక్క ఏమీ చెప్పదు. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళందరికీ ఈ మాట చెప్పేది నువ్వే కదా."

"చెప్పేదాన్ని నేనే."

"నువ్వు పట్టించుకోవాల్సింది మీ నాన్నగారి సంగతి. ఆయనకి ఏ వయసులో వచ్చింది?"

"యాభై ఒకటి."

"నీకు నలభై దాటింది. చుక్క నీలమైనా, ఎరుపైనా నువ్వు కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఇంకేమైనా ఇబ్బంది ఉందా నీకు?"

ఆ ప్రశ్న నా ముందుకి వచ్చి నిలబడింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. "ఏం లేదు మేడమ్" అన్నాను. రక్తం గురించి పదకొండేళ్ళుగా రోజంతా మాట్లాడే మనిషికి ఆ ఒక్క మాట పెగల్లేదు. నాది కాకపోతే లీటర్ల లెక్కన మాట్లాడగలను.

అయినా భయం పని చేయించింది. ఆ సాయంత్రమే ఒక క్లినిక్‌కి ఫోన్ చేసి, కుటుంబంలో ఉంది కాబట్టి ముందు జాగ్రత్తకని చెప్పి, పేగులోకి గొట్టం పంపి చూసే ఆ పరీక్షకి పై వారం గురువారం సమయం రాయించుకున్నాను. ముందురోజు ఏమేం తినకూడదో, పేగు శుభ్రం కావడానికి ఏ పొడి నీళ్ళలో కలుపుకుని తాగాలో ఫోన్‌లో పంపారు. ఆ జాబితాని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మా ఆయన ఓడలో ఇంజినీరు, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళ మీదే. ఫోన్‌లో 'ఏంటి సంగతులు' అంటే 'ఏమున్నాయి' అన్నాను. వంటింట్లో కూర తరుగుతూ తరుగుతూ ఆగిపోయేదాన్ని. బాత్రూమ్ తలుపు గడియ పెట్టుకోవాలంటేనే భయమేసేది. లోపల ఏం కనిపిస్తుందో అని కాదు, కనిపించకపోతే సంతోషించి మళ్ళీ ఊరుకుంటానేమోనని. అంతలోనే కనిపించకపోతే బాగుండునని మొక్కుకునేదాన్ని. నా తలకాయ నాకే అర్థం కాలేదు.

నాకు చాలా భయంగా ఉండేది. దీన్ని తిప్పి చెప్పడం అనవసరం. నాన్న ఆఖరి రోజుల్లో మంచం పట్టె పట్టుకుని పక్కకి తిరిగే తీరు గుర్తొచ్చేది, ఆ మంచం మీద నేను కనిపించేదాన్ని.

సోమవారం రెండో ప్లేట్ పెట్టాం. చివరి గుంట మళ్ళీ ఎరుపు. పక్క బల్ల దగ్గర పనిచేసే కుర్రాడు, ముప్ఫై నాలుగేళ్ళుంటాయి గానీ నాకు కుర్రాడే, తెర వైపు వంగి చూశాడు. అతన్ని అందరం నిదానం అంటాం. మంటలు లేచినా ముందు టీ తాగి తర్వాత పరిగెత్తే రకం.

"చూశావా," అన్నాను, "రెండుసార్లూ ఎరుపే. నా తలరాత."

"నీదెందుకవుతుందక్కా, అది నాది కదా."

"ఏది నీది?"

"ఇంటిమనిషి. పోయినేడు నువ్వు కాలు విరిగి రెండు నెలలు సెలవులో ఉన్నప్పుడు నీ ట్యూబ్ అయిపోయింది. నీ ఇంటికొచ్చి సూది గుచ్చడం ఎందుకని నాది తీసి పోశా. జవాబుల పట్టీ కూడా మార్చా. రిజిస్టర్లో రాశానక్కా."

రిజిస్టర్ తీశాను. పద్నాలుగు నెలల కిందటి తేదీ, అతని కోడిగీతల్లో రాసి ఉంది. రిజిస్టర్ నేనెప్పుడూ చదవను. కొత్తగా వచ్చినవాళ్ళకి చదవమని చెబుతాను. నాకు అన్నీ కంఠతా వచ్చునని నా నమ్మకం.

అరికాలి మంట నెత్తికెక్కింది. పద్నాలుగు నెలలుగా నేను నేననుకుంటున్నది ఇతనా. నోటికొచ్చినట్టు తిట్టాను. అతను నిమ్మకు నీరెత్తినట్టు విన్నాడు. తిడుతుండగానే ఇంకో సంగతి తలకెక్కింది, తిట్టు సగంలో ఆగిపోయింది. ఆ చుక్క నాది కాదు.

"మరి నీకు భయంగా లేదా?" అని అడిగాను.

"వందలో నలుగురికి బదులు ఐదుగురంట కదక్కా. మా ఇంట్లో ఎవరికీ లేదు. ఒంట్లో బాగుంది. సిగరెట్లు మానేస్తే ఆ ఒక్కణ్ణీ తీసేసినట్టే." అని టీకి వెళ్ళిపోయాడు.

ఆ రోజే నా చేతికి నేనే పట్టీ కట్టుకుని రక్తం తీసుకున్నాను. బుధవారం మూడో ప్లేట్‌లో ఒక గుంట ఖాళీగా ఉంటే, కోడ్ లేకుండా అందులో వేశాను. రూలుకి విరుద్ధమే. మెషిన్ తిరుగుతున్నంతసేపూ దాని ముందు నుంచి లేవలేదు. కూత పెట్టింది. నీలం. నీలం గుంపు నడిబొడ్డున, అనుమానం లేని నీలం.

ప్రాణం లేచొచ్చింది. అసలు ఏడ్చేశాను కూడా. అప్పుడు నా బుర్ర ఏం చేసిందో చూడండి. ఎరుపుని చూసి, అది ఒక్క మనిషి గురించి ఏమీ చెప్పదన్న మాటని నమ్మలేదు. నీలాన్ని చూసి మాత్రం అది నా గురించే అంతా చెప్పిందని నమ్మేసింది. ఆ మధ్యాహ్నమే క్లినిక్‌కి ఫోన్ చేసి రేపటిది వద్దన్నాను. కొని తెచ్చుకున్న పొడి పొట్లం అలమారలో వెనక్కి తోసేశాను.

తర్వాత మా చెల్లికి ఫోన్ చేశాను. నాకన్నా ఆరేళ్ళు చిన్నది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, అమ్మ దానితోనే ఉంటుంది.

"చిట్టీ, ఒక మంచి మాట. నాన్నకొచ్చిన జబ్బు గురించి ల్యాబ్‌లో కొత్త పరీక్ష చేశాం. నాది చూసుకున్నా. మనకి లేదు."

"మనకి అంటే?"

"మనకి అంటే మనకే. నాదీ నీదీ ఒకే రక్తం కాదూ."

ఇది అబద్ధమని మా ల్యాబ్‌లో గిన్నెలు కడిగే ఆవిడకి కూడా తెలుసు. ఒక కడుపున పుట్టినంత మాత్రాన ఒకే అక్షరాలు రావు. కానీ ఆ రోజు నాకు అందరికీ మిఠాయి పంచినట్టు మంచి మాట పంచాలనిపించింది.

"నిజంగానా అక్కా?" అంది. "నిజంగా లేదా?" మూడోసారి కూడా అడిగింది. "లేదే తల్లీ, హాయిగా ఉండు" అన్నాను. దాని గొంతు వణికింది. నాన్న గుర్తొచ్చి ఉంటారనుకున్నాను.

తర్వాత ఆరు వారాలు హాయిగానే ఉన్నాను. రక్తం ఆగలేదు. ఆగకపోగా వారానికి రెండుసార్లయింది. అయినా 'నీలం' అని నాకు నేను చెప్పుకుని ఫ్లష్ నొక్కేదాన్ని. బెల్టు ఒక బెజ్జం లోపలికి పోయింది. నడక మొదలుపెట్టాను కదా, దానివల్ల అనుకున్నాను. మొదలుపెట్టి నాలుగు రోజులే అయింది.

నిన్నటికి ఇరవై ప్లేట్లూ పూర్తయ్యాయి. ఇక కోడ్‌లు విప్పవచ్చు. ఈ ఉదయం లెక్కలు చూసే అమ్మాయి నన్ను తన గదికి పిలిచింది. పెద్ద తెర మీద అందరి చుక్కలూ ఒకేసారి పెట్టింది, దాదాపు రెండువేల మంది. నేను పోసినవే అన్నీ, కానీ ఇంతకుముందు ఎప్పుడూ ఇలా చూడలేదు. ఆమె రోగుల చుక్కలన్నీ నిండుగా నింపింది, ఆరోగ్యవంతుల చుక్కలు లోపల ఖాళీగా, సున్నాల్లా ఉంచింది.

ముందు ఎర్ర గుంపు వైపు చూశాను. నిండు చుక్కలు కొంచెం ఎక్కువగానే ఉన్నాయి. కొంచెమే. మేడమ్ అనుమానంలో ఎంతోకొంత నిజం ఉన్నట్టుంది. తర్వాత నా నీలం వైపు చూశాను.

నిండు చుక్కలు. అంచుల్లో, నడుమ, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఎక్కడ చూసినా నిండు చుక్కలు. ఎరుపులో ఉన్నవి పదుల్లో ఉంటే ఇక్కడ వందల్లో ఉన్నాయి. అందరూ మామూలు అక్షరం ఉన్నవాళ్ళే, నా అక్షరమే. అందరికీ పేగులో క్యాన్సర్ వచ్చింది. వాళ్ళందరినీ నేనే నా చేత్తో పోసి, వాళ్ళ మధ్యకెళ్ళి నిలబడి, నాకేం లేదనుకున్నాను. ఆ అక్షరం కాపాడేదైతే వీళ్ళు ఇక్కడ ఎందుకుంటారు. పదకొండేళ్ళ అనుభవానికి ఇంత చిన్న సంగతి తట్టలేదు.

"అక్కా, ఇక్కడొకటి కోడ్ లేకుండా ఉంది," అంది అమ్మాయి, "మూడో ప్లేట్‌లోది. ఎవరిదో తెలుసా?"

"నాదే."

"మీదా?" నవ్వింది. "సరే, తీసేస్తాలెండి. లేదా ఉంచమంటారా, ఒకటి ఎక్కువైతే నాకూ మంచిదే. ఎందులో వెయ్యను, నింపాలా, ఖాళీగా ఉంచాలా?"

పాపం సరదాకే అడిగింది.

"తెలియదు," అన్నాను.

నవ్వు ఆపి నా వైపు చూసింది. ఇంకేమైనా అడిగేలోపే బయటికి వచ్చేశాను. మెట్ల మీద కూర్చుని క్లినిక్‌కి ఫోన్ చేశాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను.

"మీరు ముందు టైము తీసుకుని వద్దన్నారు కదా మేడమ్," అంది అక్కడి అమ్మాయి. "ఇప్పుడేమైనా ఇబ్బంది ఉందా?"

"ఉంది. అప్పుడూ ఉంది. రక్తం పడుతోంది."

అటువైపు కీబోర్డు చప్పుడు వేగం పెరిగింది. ఎన్నాళ్ళుగా, ఎంత, బరువు తగ్గారా అని అడిగింది. అన్నీ చెప్పాను. ఒకసారి మొదటి మాట వచ్చాక మిగతావి వాటంతటవే వచ్చాయి. "ఎల్లుండి ఎనిమిదింటికి రండి. మత్తు ఇస్తాం, ఒంటరిగా రావద్దు. ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరో ఒకరు ఉండాలి" అంది.

ఎవరో ఒకరంటే చెల్లే. ఫోన్ చేశాను.

"చిట్టీ, ఎల్లుండి సెలవు పెట్టగలవా?"

"ఎందుకక్కా?"

"నాతో ఆసుపత్రికి రావాలి. నాకు రక్తం పడుతోంది. నాన్నకి పడ్డట్టే."

షాపులో ఎవరో ఫ్రేము మారుస్తారా అని అడుగుతున్నారు. దాని చెప్పుల చప్పుడు వినిపించింది, తర్వాత తలుపు మూసిన చప్పుడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగున్నర నెలలు."

"మరి మనకి లేదన్నావు కదా."

"అన్నాను. తప్పు చెప్పాను. ఆ పరీక్షకి అంత సత్తా లేదు. నాకు తెలిసి కూడా చెప్పాను."

"నాకూ పడుతోందక్కా, రెండు నెలలుగా," అంది.

మెట్ల పక్క ఇనప కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేసినప్పుడు డాక్టర్ దగ్గరే ఉన్నా. టోకెన్ తీసుకుని కూర్చున్నా. నా ముందు ఇద్దరే ఉన్నారు. నువ్వు మనకి లేదన్నావని లేచి వచ్చేశా."

నేను ఏదో ఒకటి అనాల్సింది. క్షమించు అనో, భయపడకు అనో. భయపడకు అని ఏ మొహం పెట్టుకుని అంటాను. నా గురించి భయపడటం ఏపాటిదో అప్పుడు తెలిసింది. ఆరు వారాలు. దాన్ని ఆ కుర్చీలోంచి లేపింది నేనే, ఇంకెవరూ కాదు.

"ఏడవకక్కా," అంది అదే. "ఎల్లుండి ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి. నీకూ రాయిస్తా. ఫోన్ పెట్టెయ్."

మళ్ళీ క్లినిక్‌కి చేశాను. చెల్లి వయసు చెప్పాను, నాన్న సంగతి చెప్పాను, రెండు నెలలుగా అని చెప్పాను. ఆ అమ్మాయి ఎక్కడో అడిగి వచ్చి, ఒకేరోజు ఇద్దరికీ చేస్తామంది.

"తోడు ఎవరొస్తున్నారు మేడమ్?"

"ఒకరికొకరం ఉంటాం."

"అలా కుదరదు. ఇద్దరూ మత్తులో ఉంటారు. మెలకువగా ఉండే మనిషి ఒకరు కావాలి, వాళ్ళ పేరు రాసుకోవాలి."

మా ఆయన నడి సముద్రంలో ఉన్నాడు. మిగిలింది ఒక్కరే. నాన్నని ఆ నాలుగు నెలలూ ఎత్తి, దించి, కడిగి, ఆఖర్న కళ్ళు మూసింది ఆవిడే. ఎనిమిది నెలలు నాకెందుకు చెప్పలేదని ఇప్పటికీ నాన్న ఫోటోని అడుగుతూనే ఉంటుంది.

"మా అమ్మ వస్తుంది," అన్నాను. "రాసుకోండి."

అమ్మకి ఇంకా ఎవరమూ చెప్పలేదు.